జేబులో పర్సనల్ రిజిస్టరు

కలెక్టరాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయినవాణ్ణి. పనులు రాసుకోవడం నాకు ఫోను నేర్పిన విద్య కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి నడిచిన టాటన్‌హామ్ పద్ధతి గురించి రెవెన్యూలో పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. సీటుకొక పర్సనల్ రిజిస్టరు ఉంటుంది. టేబుల్ మీదకి వచ్చిన ప్రతి కాగితానికీ, మా మాటల్లో కరెంటుకి, ఒక నంబరు. ఎప్పుడొచ్చింది, ఎక్కణ్ణించి వచ్చింది, ఎవరికి రాశాం, జవాబు రాకపోతే ఎప్పుడు రిమైండరు పంపాం, ఆఖరికి ఎలా తేలింది, అన్నీ ఒకే వరసలో కనపడాలి. నెలనెలా, ఏటేటా వచ్చే రిపోర్టులకి పీరియాడికల్ రిజిస్టరు వేరు. ఇప్పట్లో కదలని ఫైళ్ళకి కాల్ బుక్కు వేరు. ఇప్పుడు ఈ-ఆఫీసు వచ్చాక ఆ అట్టల పుస్తకాలు పోయాయి గానీ, వాటి వెనకున్న బుద్ధి పోలేదు.

రిటైరయిన కొత్తలో మా అబ్బాయి నా ఫోన్లో టుడూయిస్ట్ అనే యాప్ వేసి, "నాన్నా, నువ్వు ఇందులో రాసెయ్, అదే గుర్తుచేస్తుంది" అన్నాడు. అమీర్ సాలిహెఫెండిచ్ అనే ఆయన చదువుకునే రోజుల్లో తన పనుల కోసం తయారుచేసుకుని 2007లో జనంలోకి వదిలినదట. ఫోన్లో రాసింది కంప్యూటర్లో కనపడుతుంది, కంప్యూటర్లో కొట్టేసింది ఫోన్లోనూ పోతుంది. నాలుగు రోజులు తిప్పి చూస్తే ఇది నా పాత రిజిస్టరే అని అర్థమైంది. తేడా అల్లా ఒకటి. అక్కడ నా రిజిస్టరుని తనిఖీ చేసే తహసీల్దారో, డీఆర్‌ఓనో ఉండేవారు. ఇక్కడ రాసేదీ నేనే, తనిఖీ చేసుకోవలసిందీ నేనే. యాప్ పెట్టుకుని నెల్లాళ్ళలో వదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను. అందరూ జారింది ఈ మెట్టు దగ్గరే.

పెన్షనర్ల సంఘంలో మిత్రులు, ఇంట్లో పిల్లలు అప్పుడప్పుడు అడిగితే చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. నంబర్లు అలవాటు కొద్దీ వేశాను. వరసలో ఏదో రహస్యం ఉందని వెతక్కండి.

1. రాసినప్పుడే పని కనపడాలి

"బ్యాంకు" అని రాసుకుంటారు. నాలుగు రోజులయ్యాక చూస్తే ఏ బ్యాంకు, ఏం పని, ఎవరి ఖాతా అన్నది బ్రహ్మకి కూడా తెలీదు. తెలీని పని మీద చెయ్యి పడదు. అది అలా కింద పడి ఉంటుంది, చూసినప్పుడల్లా చిరాకు పుట్టిస్తుంది.

మా ఇంటి జాబితాలో ఒక పద్దు ఇలా ఉంటుంది: "గ్యాస్ పైపు మార్పించాలి." కింద వివరాల గడిలో కన్స్యూమరు నంబరు, ఏజెన్సీ ఫోను, "ఈ పైపు బిగించింది ఫలానా నెల" అని. కంపెనీల సురక్షా పైపుకి వయసు ఐదేళ్ళు. దాని మీద ముద్ర ఉంటుంది కానీ, పొయ్యి గట్టు కిందకి వంగి టార్చి వేసి చదివేదెవరు? మొదటిసారి నేను వంగి చదివి ఎక్కించాను. ఇంకోసారి ఎవరూ వంగక్కర్లేదు. పద్దు ఎలా ఉండాలంటే, నా బదులు మా కోడలు చదివినా ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఏమని అడగాలో తెలియాలి. ఆఫీసులో సెలవు మీద వెళ్ళినవాడి సీటు ఇంకొకడు చూసేది ఇలా రాసి ఉన్నందుకే.

2. అక్కడికక్కడ తేలేది ఎక్కించకు

డేవిడ్ అలెన్ అనే అమెరికన్ 2001లో ఒక పుస్తకం రాసి, రెండు నిమిషాల్లో అయిపోయే పనిని రాసుకోకుండా అప్పుడే చేసెయ్యమన్నాడు. ప్రపంచమంతా మెచ్చుకుంది. నేను చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కు గారు ఇదే సంగతి, కాస్త తిట్టు కలిపి చెప్పేవారు.

3. గడువు వేరు, కోరిక వేరు

ఎక్కువ రాయవలసింది దీని గురించే.

యాప్‌లో ప్రతి పనికీ తేదీ పెట్టుకునే గడి ఉంటుంది. ఖాళీగా కనపడితే నింపబుద్ధేస్తుంది. "బీరువా సర్దాలి - శనివారం." "పాత ఫోటోలు స్కాన్ చేయించాలి - ఆదివారం." శనివారం చుట్టాలొస్తారు, ఆదివారం కరెంటు పోతుంది. సోమవారం పొద్దున్న తెరిస్తే రెండూ ఎర్రగా నిలబడి ఉంటాయి. వాటి పక్కనే నిజంగా ఆ రోజు కట్టకపోతే ఫైను పడే బిల్లు కూడా అంతే ఎర్రగా ఉంటుంది. నెల తిరిగేసరికి కంటికి ఎరుపు అలవాటైపోతుంది. అప్పుడిక ఆ రంగుకి విలువ లేదు, దాంతోపాటు బిల్లుకీ లేదు.

అందుకని నా కట్టుబాటు: తేదీ దాటితే డబ్బో, హక్కో, మాటో పోయే పనికే తేదీ. తక్కినవాటికి తేదీ లేదు. "తీరిక" అనే విడి జాబితాలో ఉంటాయి, బుద్ధి పుట్టినప్పుడు అందులోంచి ఒకటి తీస్తాను. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఇంటి పన్ను ఏప్రిల్ 30. ఆ లోపు ఆ ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే జీహెచ్ఎంసీ ఐదు శాతం తగ్గిస్తుంది. అది తేదీ. "వరండాకి రంగు" తేదీ కాదు, మా ఆవిడ ఎన్నిసార్లు మే నెల అని రాసినా సరే.

ఇంకో సంగతి. గడువు రోజుకి గంట మోగితే ఏం లాభం? పని మొదలుపెట్టవలసిన రోజుకి మోగాలి. డ్రైవింగ్ లైసెన్సు చూడండి. యాభై అయిదు దాటినవాళ్ళకి ఐదేళ్ళకే ఇస్తారు. 2019లో చట్టం సవరించాక, గడువుకి ఏడాది ముందు నుంచీ రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిచిపోతే మళ్ళీ టెస్టుకి వెళ్ళి బండి నడిపి చూపించాలి. ఈ వయసులో ఎనిమిది ఆకారం తిప్పి చూపించమంటే ఎవరికి సరదా? ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి, స్లాటు దొరకాలి. కాబట్టి పద్దులో తేదీ లైసెన్సు మీద ఉన్నది కాదు, దానికి మూణ్ణెల్ల ముందుది. అసలు తేదీ వివరాల గడిలో. ఈమధ్య కొన్ని యాప్‌లలో చేసే రోజుకో గడి, గడువుకో గడి విడివిడిగా ఇస్తున్నారు. ఆలస్యంగానైనా బుద్ధొచ్చింది.

గడువులు జరుగుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇన్‌కంటాక్సు రిటర్ను మామూలుగా జూలై 31. 2025లో దాన్ని సెప్టెంబరు 15కి జరిపారు, ఆఖర్న ఇంకో రోజు పొడిగించారు. యాప్‌కి పేపరు చదవడం రాదు. మనం పెట్టిందే దానికి వేదం.

4. తిరిగొచ్చే పనులు రెండు జాతులు

పీరియాడికల్ రిజిస్టరు రాసినవాడికి కూడా ఇది వెంటనే తట్టదు. ఉదాహరణ మా ఇంట్లోనే ఉంది. మా బావగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు కాబట్టి ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్ళయితే అక్టోబరు ఒకటి నుంచే ఇవ్వచ్చు. ఈ ఏడాది ఎప్పుడిచ్చినా వచ్చే ఏడాది మళ్ళీ నవంబరే. మా తమ్ముడు ప్రైవేటు ఫ్యాక్టరీలో చేశాడు, ఈపీఎస్-95 పెన్షను. వాడు ఏ నెలలోనైనా ఇవ్వచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. మార్చిలో ఇస్తే వచ్చే మార్చి, ఆలస్యమై మేలో ఇస్తే అక్కణ్ణించి లెక్క.

ఇద్దరిదీ జీవన్ ప్రమాణే. 2014 నవంబరులో మొదలైంది. ఇప్పుడు ముఖం ఫోనుకి చూపిస్తే అయిపోతుంది, లేదంటే పోస్ట్‌మన్ ఇంటికొచ్చి చేసిపెడతాడు. కానీ జాబితాలో రాసే తీరు ఒకటి కాదు. మొదటిది క్యాలెండరుని పట్టుకుని తిరిగేది. రెండోది చేసిన రోజుని పట్టుకుని తిరిగేది.

టుడూయిస్ట్‌లో ఈ తేడాని ఒక్క ఆశ్చర్యార్థకంతో చూపిస్తారు. తేదీ ఇంగ్లీషులో రాయాలి. "ఎవ్రీ 3 మంత్స్" అని రాస్తే మొదట పెట్టిన తేదీ నుంచి మూడేసి నెలలు లెక్కపెడుతుంది, మధ్యలో మీరు ఆలస్యం చేసినా దానికి పట్టదు. "ఎవ్రీ! 3 మంత్స్" అని, ఎవ్రీ పక్కన ఆ గీతా చుక్కా పెడితే, మీరు టిక్ కొట్టిన రోజు నుంచి మూణ్ణెల్లు. ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్, ఏసీ జల్లెడ కడగడం, జుట్టుకి రంగు, ఇవన్నీ రెండో జాతి. అద్దె, స్కూలు ఫీజు, నవంబరు పెన్షను సర్టిఫికెట్ మొదటి జాతి. జాతి తప్పితే, నిన్న నీళ్ళు పోసిన బ్యాటరీకి ఇవాళ మళ్ళీ పొయ్యమంటుంది. రెండుసార్లు అలా అన్నదంటే మీరు దాని మాట వినడం మానేస్తారు. మానేశాక అది నిజం చెప్పినా వినరు.

5. తిథి దానికి తెలీదు

తెలుగింట్లో ఈ యాప్‌లు చేతులెత్తేసే చోటు ఇది. తద్దినానికి "ఎవ్రీ ఇయర్" అని పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు కుర్రాళ్ళు. సరిపోదు. అందరికీ తెలిసిన ఉగాదినే తీసుకోండి. 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు. ఇంగ్లీషు ఏడాదికి పదకొండు రోజులు తక్కువ, కాబట్టి ఏటా వెనక్కి జరుగుతూ వస్తుంది. సుమారు మూడేళ్ళకోసారి అధికమాసం వచ్చి ఒక్కసారి ముందుకి నెడుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది, అందుకే మరుసటి ఉగాది ఏప్రిల్లోకి వెళ్ళింది. 2026లో అధిక జ్యేష్ఠం, కాబట్టి 2027 ఉగాది ఏప్రిల్ 7. మీ నాన్నగారి తిథి కూడా ఇదే ఆట ఆడుతుంది.

నేను చేసే ఏర్పాటు ఇది. ఏటా మార్చి మొదటి వారానికి ఒక పద్దు: "కొత్త పంచాంగం కొని తిథులు ఎక్కించాలి." ఆ రోజు సాయంత్రం పంచాంగం, ఫోను పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటాను. అమ్మ తిథి, నాన్నగారి తిథి, మామగారిది, తర్వాత ఇంట్లో నోములు. తద్దినానికి తిథి అపరాహ్ణవేళకి ఉండాలి కాబట్టి రెండు రోజుల మీద విస్తరించిన తిథి అయితే పురోహితుడు గారికి ఫోన్ చేసి ఏ రోజో ఖాయం చేసుకుంటాను. వచ్చే ఉగాది దాకా తేదీలు విడివిడిగా రాస్తాను, తిరిగొచ్చే గుర్తు ఏదీ పెట్టను. అసలు రోజుకి కాక పది రోజుల ముందుకి పెడతాను. భోక్తలకి చెప్పుకోవాలి, ఇప్పుడు మనుషులు దొరకడమే కష్టం. నువ్వులు, దర్భలు, అరటాకులు సరే, తమ్ముడు ప్రయాణం పెట్టుకోవాలి.

డాలస్‌లో ఉన్న మా అబ్బాయికి ఇంకో తిరకాసు. తిథి మొదలవడం, అయిపోవడం భూమంతటికీ ఒకే క్షణం. ఇక్కడ పొద్దున్నయితే అక్కడ ముందురోజు రాత్రి. అందుకని మనకి బుధవారం వచ్చిన తిథి వాళ్ళకి మంగళవారం రావచ్చు. నా జాబితాలోంచి తేదీ ఎత్తి రాసుకోవద్దనీ, వాళ్ళ ఊరి గుడివాళ్ళు వేసే పంచాంగం చూడమనీ చెప్పాను.

6. కాల్ బుక్కు పెట్టుకోండి

కోర్టులో ఉన్న ఫైలు, సర్కారు ఉత్తర్వు రావలసిన ఫైలు ఆర్నెల్లకి పైగా కదలవని తేలితే పర్సనల్ రిజిస్టర్లోంచి తీసి కాల్ బుక్కులోకి మార్చేవాళ్ళం. రోజూ కళ్ళెదుట ఉండదు, అలాగని పోదు. నిర్ణీత సమయానికి తిరగేసి చూస్తాం.

యాప్‌లో చాలామంది చేసేది ఏమిటంటే, కదలని పనిని రేపటికి తోస్తారు, రేపు ఎల్లుండికి తోస్తారు. వేలితో అలా తొయ్యడం ఎంత సులువో! అది వాయిదా కూడా కాదు, కళ్ళు మూసుకోవడం. పొలం సర్వే నంబరు సబ్ డివిజను పని మాకు ఒకటుంది. దాయాదుల్లో ఒకాయన సింగపూరు నుంచి వస్తే గాని సంతకాలు కావు. దాన్ని "కాల్ బుక్" అన్న జాబితాలో వేసి, ఎవరి కోసం ఆగిందో రాసి, ఆయన వస్తానన్న నెలకి తేదీ పెట్టాను. అప్పటిదాకా నా ఉదయాలతో దానికి సంబంధం లేదు.

7. ఇద్దరి పని ఎవరిదీ కాదు

జాబితాని ఇంట్లోవాళ్ళతో పంచుకోవచ్చు. మా ఆవిడ, నేను, అబ్బాయి, అమ్మాయి ఒకే "ఇల్లు" జాబితా చూస్తాం. మొదట్లో దానివల్ల పనులు ఇంకా ఆగిపోయాయి. మోటారు మెకానిక్‌ని పిలవాలని ఉంటే, ఆవిడ పిలుస్తుందని నేను, నేను పిలుస్తానని ఆవిడ. ఆఫీసులో ఏ కరెంటూ సెక్షను పేరుతో ఉండదు. ఏ1, బి3 అని సీటు పేరు ఉంటుంది. ఇక్కడా అంతే. ప్రతి పద్దుకీ ఒక్క పేరు తగిలించాలి, యాప్‌లో ఆ వీలుంది.

ఏమండీ అని ఒక్క కేక వేస్తే అయిపోయేదానికి ఫోన్లో నా పేరు తగిలించి పంపడమేమిటని మా ఆవిడ మొదట్లో నవ్వింది. ఇప్పుడు ఆవిడే ఎక్కువ తగిలిస్తోంది.

అబ్బాయి ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు వాడి సొంత జాబితా టీవీ మీద పెట్టి ఏదో చూపిస్తుంటే నా కంట పడింది: "నాన్నకి ఫోన్ - ఎవ్రీ సాటర్‌డే 9:30 పీఎం." వాడు గబుక్కున పక్కకి జరిపాడు. మా ఆవిడ కాస్త నొచ్చుకుంది, గుర్తుచేస్తే గాని ఫోన్ చెయ్యడా అని. నాకలా అనిపించలేదు. పీరియాడికల్ రిజిస్టర్లో ఎక్కిన రిపోర్టు ఏనాడూ ఆగలేదని నాకు తెలుసు. ఎక్కకుండా నోటిమాటగా నడిచినవే ఆగాయి. నేనడిగింది వేరు. మాకు ఆదివారం ఎనిమిదింటికి రావలసిన ఫోను నవంబరు నుంచి తొమ్మిదింటికి ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది. అక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. వాడి తొమ్మిదిన్నర మారలేదు, మా ఎనిమిది మారింది. పద్దుని ఇండియా టైముకి కట్టెయ్యరా అన్నాను, ఆ సదుపాయం కూడా అందులో ఉంది. కట్టాడు. ఇప్పుడు ఏడాది పొడుగునా నా రెండో కాఫీ వేళకే వస్తోంది.

8. మాత్రలకి దీన్ని నమ్ముకోకు

గంట మోగుతుంది. ఫోను చేతిలోనే ఉంది. టిక్ కొట్టేసి, లేచి మందుల డబ్బా దగ్గరికి వెళ్ళేలోగా కాలింగ్ బెల్లు. ఫోన్లో వేసుకున్నట్టు ఉంది, కడుపులో లేదు. కాగితం డిస్పాచ్ అవకుండానే రిజిస్టర్లో డిస్పోజల్ రాసేసిన గుమాస్తాకి మెమో ఇచ్చేవాళ్ళం. మాత్రలకి మెడికల్ షాపులో దొరికే ఏడు గళ్ళ డబ్బా కొనుక్కోండి. సోమవారం గడి ఖాళీ అయిందా లేదా, అదే సాక్ష్యం. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాల్షియం దానికి కనీసం నాలుగు గంటల ఎడంలో అంటారు డాక్టర్లు. ఈ ఎడం గుర్తుచెయ్యడానికి గంట పనికొస్తుంది. వేసుకున్నానా అన్న ప్రశ్నకి మాత్రం డబ్బాయే జవాబు చెప్పాలి.

గంట అసలు మోగకపోతే యాప్‌ని తిట్టేముందు ఫోను సెట్టింగులు చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి మీరు విడిగా అనుమతి ఇవ్వాలి. 14 వచ్చాక, కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకి కచ్చితమైన వేళకి మోగే అనుమతి కూడా మీరే ఇవ్వాలి. వాటికి తోడు బ్యాటరీ ఆదా అనే మీట ఒకటి, వెనకాల నడిచే యాప్‌లని నిద్రపుచ్చుతుంది. ఈ మూడూ సరిచేశాక మా పెన్షనర్ల సంఘంలో సగం ఫిర్యాదులు తగ్గాయి.

9. వారానికోసారి మీ మీద మీరే తనిఖీ

నెలాఖరుకి పర్సనల్ రిజిస్టరు అబ్‌స్ట్రాక్టు తీసేవాళ్ళం. గత నెల మిగిలినవి, ఈ నెల వచ్చినవి, తేల్చినవి, మిగిలినవి. అందులో ఒక కిటుకు ఉండేది, నాకూ తెలుసు, నా అధికారులకీ తెలుసు. ఇరవై ఎనిమిదో తారీకున గుమాస్తా హడావిడిగా చిన్నచిన్న కాగితాలు తీసి చకచకా తేల్చేస్తాడు. డిస్పోజల్ సంఖ్య పెరుగుతుంది. రెండేళ్ళుగా మూలుగుతున్న పట్టా కేసు మాత్రం అడుగునే ఉంటుంది. అందుకే తెలివైన తహసీల్దారు ఎన్ని తేల్చావని అడిగేవారు కాదు. అన్నిటికన్నా పాతది తియ్యి, చూద్దాం అనేవారు.

యాప్‌లు సరిగ్గా ఆ నెలాఖరు గుమాస్తా బుద్ధినే మనలో పెంచుతాయి. టిక్ కొడితే చప్పుడు, మార్కులు, వరసగా ఎన్ని రోజులు లక్ష్యం చేరారో లెక్క. మార్కుల కోసం "మొక్కలకి నీళ్ళు" అని రాసుకుని కొట్టేసేవాళ్ళని ఎరుగుదును. నేను ఆ మార్కుల పట్టీ కట్టేశాను. శనివారం సాయంత్రం, వార్తల ముందు, జాబితా అడుగు నుంచి పైకి చదువుతాను. అన్నిటికన్నా పాత పద్దు దగ్గర ఆగి మూడింట్లో ఒకటి చేస్తాను: ఈ వారం చేసే రోజు పెట్టడం, కాల్ బుక్కుకి పంపడం, కొట్టెయ్యడం.

ఈ మూడోదానికి చాలామంది వెనకాడతారు. చెయ్యకుండా తీసెయ్యడం ఓటమిలా తోస్తుంది కాబోలు. ఆఫీసులో ఫైలు మూసేటప్పుడే దాని ఆయుష్షు రాసేవాళ్ళం. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా దాచాలి, డి.డిస్. అయితే పదేళ్ళు, ఎల్.డిస్. అయితే ఏడాది. కాగితాలన్నీ ఆర్.డిస్. అనుకుంటే రికార్డు రూములో మనిషికి చోటుండేది కాదు. "హార్మోనియం నేర్చుకోవాలి" అన్న పద్దు నా జాబితాలో చాలాకాలం కూర్చుంది. ఒక శనివారం దాన్ని ఎల్.డిస్. చేశాను. హాయిగా ఉంది.

10. రాయకూడనివి

పాస్‌వర్డులు, పిన్ నంబర్లు, ఆధార్ నంబరు. జాబితా పంచుకున్న ప్రతివాళ్ళకీ అవి కనపడతాయి, ఫోను పోతే దొరికినవాడికీ కనపడతాయి. "ఫలానావారి బాకీ గట్టిగా అడగాలి" లాంటివి కూడా వద్దు. చుట్టాల పిల్లలు ఆటలాడుకోవడానికి తీసుకునేది మీ ఫోనే.

11. దుకాణం ఎత్తేస్తారు, సిద్ధంగా ఉండండి

బెర్లిన్‌లో పుట్టిన వండర్‌లిస్ట్ అని ఒకటుండేది. 2010లో మొదలై లోకమంతా పాకింది. 2015లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2017లో తన సొంత టు డూ యాప్ తెచ్చింది, 2020 మే 6న వండర్‌లిస్ట్‌ని మూసేసింది. పద్దులు కొత్తదానిలోకి మార్చుకునే దారి ఇచ్చారనుకోండి. ఆస్ట్రిడ్ అనేదాన్ని 2013 మేలో యాహూ కొని ఆగస్టుకే ఆపేసింది. మరోవైపు ఆస్ట్రేలియాలో ఇద్దరు కలిసి 2005లో పెట్టిన రిమెంబర్ ది మిల్క్ ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి పెద్ద కంపెనీ కొన్నదంటే ఇక భయం లేదనుకోవడానికి వీల్లేదు.

ఏ యాప్ వాడినా పద్దులు ఫైలుగా దించుకునే దారి ఉందో లేదో మొదటిరోజే చూడండి. లేకపోతే అది వద్దు. నేను సంక్రాంతికోసారి, దసరాకోసారి దించి, ఒక ప్రింటు తీయించి దేవుడి గది అలమారులో పెడతాను. జిరాక్సు షాపు కుర్రాడు ఇంత చిన్న జాబితాకి రంగు ప్రింటు ఎందుకండీ అంటాడు. ఎర్రవి ఎర్రగానే కనపడాలి.

12. చార్జి అప్పగించండి

బదిలీ అయినప్పుడు సీటు ఖాళీ చేసి వెళ్ళిపోవడం కుదరదు. చార్జి లిస్టు రాయాలి. పెండింగు ఫైళ్ళెన్ని, స్టాకు ఫైళ్ళెన్ని, తాళాలెన్ని, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇంటి సంగతికొస్తే మగవాళ్ళు చాలామంది చార్జి అప్పగించకుండానే వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఇన్సూరెన్సు ప్రీమియం ఏ నెలో, లాకరు అద్దె ఏ ఖాతాలోంచి పోతుందో తెలీక ఆ ఇల్లాలు బ్యాంకు బల్ల ముందు నిలబడడం నేను స్నేహితుల ఇళ్ళల్లో చూశాను.

నాకు కంటి ఆపరేషను అయి వారం రోజులు ఫోను చూడొద్దన్నప్పుడు, జాబితా మొత్తం మా ఆవిడ ముందు పెట్టి ఒక్కో పద్దూ చదివించాను. ఈ పాలసీ ఇది, ఈ డిపాజిట్టు ఇప్పుడు మెచ్యూరు అవుతుంది, పెన్షను సర్టిఫికెట్ ఇలా ఇవ్వాలి. ఆవిడ ఓపిగ్గా విన్నది. విని, ఇందులో చాలా లేవండీ అంది. ఏమిటవి అన్నాను. పనిమనిషి అడ్వాన్సు ఇంకా రెండు నెలలది పట్టుకోవాలి. పాలవాడికి నెల మొదట్లోనే ఇచ్చేశాం, మళ్ళీ అడిగితే ఇవ్వకూడదు. మేడ మీద అద్దెకున్నవాళ్ళ అమ్మాయికి ఏడో నెల, సీమంతానికి చీర కొనాలి. సంపు అడుగున బురద తీయించి ఏడాది దాటింది. మీ మేనత్తగారికి ప్రతి మాఘమాసం ఏదో ఒకటి పంపుతాం, అది డబ్బు రూపంలో పంపితే పుచ్చుకోరు, కందిపొడీ ఊరగాయా పంపాలి.

మేనత్తకి ఏటా కందిపొడి వెళ్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఒక్కోటీ మెల్లగా చెప్పు, ఎక్కిస్తానన్నాను. మిమ్మల్ని ఫోను చూడొద్దన్నారు కదా, ఇలా ఇవ్వండి అని లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని ఆవిడే రాయడం మొదలుపెట్టింది. మాఘమాసానికి ఇంగ్లీషు తేదీ ఎంత అని అడిగింది. పంచాంగం తెమ్మన్నాను.